సుగుణ మరిచిపోలేదు

పదకొండేళ్ళుగా నేనొక వాక్యాన్ని మోస్తున్నాను. రాయవలసిన చోట రాయకుండా వదిలేసిన వాక్యం. పది పన్నెండు మాటలకు మించి ఉండదు. పదిహేడో ఏట సూరత్‌కు వచ్చి, మరమగ్గాల కార్ఖానాల్లో నలభై ఏళ్ళు నూలు చుట్టిన ఇనుప భీములు భుజాన మోసినవాణ్ణి. బరువంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. భీమును సాయంత్రానికి దించేవాళ్ళం. దీన్ని దించే చోటు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోతే మాట గొంతుదాకా వచ్చి, అక్కడ వేషం మార్చుకుని, ఇంకేదో అయి బయటపడుతుంది. చాలాసార్లు ప్రయత్నించాను. నా పేరు రాయను. పిరికితనమే, ఒప్పుకుంటాను. ఈ వయసులో నాకు మిగిలింది వాడకట్టువాళ్ళు 'బాపు' అని పిలిచే పిలుపు ఒక్కటే, దాన్ని వదులుకునే ధైర్యం ఇంకా రాలేదు. ఆమె పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. ఎందుకంటే మాట పడింది ఆ పేరే. సుగుణ.

ముందు నా సంగతి. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. తక్కిన చదువంతా అక్కడా ఇక్కడా ఏరుకున్నదే. ఛుట్టీ రోజున అందరూ సినిమాకు పోతే నేను దుకాణాల బోర్డుల ముందు నిలబడేవాణ్ణి. హిందీ అక్షరం పక్కన గుజరాతీ అక్షరం పెట్టి పోల్చుకుంటూ నేర్చుకున్నాను. ఫాఫ్డా అనే చిరుతిండి చుట్టి ఇచ్చిన కాగితం ముక్కలను నూనె మరకల మధ్య నుంచి చదివాను. ఎవడూ నేర్పలేదు, ఎవడి ముందూ తల వంచలేదు. ఆ పొగరు నాకు ఇప్పటికీ ఉంది. పర్వత్ పాటియా వెనకాల మా తెలంగాణవాళ్ళ గల్లీల్లో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. కరెంటు నోటీసు, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ. నేను చదివి చెప్పేదాకా ఆ కాగితానికి నోరు లేదు.

మా వాడకు తెలుగు బడి కూడా నా వల్లనే వచ్చిందని నా నమ్మకం. ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకున్నది నేను. గుజరాతీలో అర్జీలు రాసి ఆఫీసు మెట్ల మీద మూడు వర్షాకాలాలు కూర్చున్నది నేను. సర్కారు భవనంలో తెలుగు తరగతులు మొదలైన రోజున, గేటు దగ్గర నిలబడి పిల్లలను లోపలికి లెక్కపెట్టి పంపింది కూడా నేనే.

తర్వాత కమిటీ వచ్చింది. బడి పెత్తనం పైనున్న ఆఫీసర్ల దగ్గరే ఉండకూడదనీ, పిల్లల కన్నవాళ్ళ చేతికి రావాలనీ చట్టం చేశారు. ప్రతి బడికీ ఒక కమిటీ ఉండాలి. అందులో ఎక్కువమంది తల్లిదండ్రులై ఉండాలి, సగం ఆడవాళ్ళు ఉండాలి, అధ్యక్షస్థానంలో ఒక తల్లో తండ్రో ఉండాలి. వినడానికి ఎంత బాగుందో. గల్లీ గల్లీ తిరిగి నేనే అందరికీ విడమరిచి చెప్పాను. చెబుతూ చెబుతూ ఆ కుర్చీలో నన్ను నేను చూసుకున్నాను. నా పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళయ్యారు, మనవళ్ళు ఇంగ్లీషు బడికి పోతున్నారు. ఆ చట్టం కింద నేను ఎవరికీ ఏమీ కాను. అంత విడమరిచి చెప్పినవాడికి ఈ సంగతి తట్టనే లేదు. తట్టలేదా, లేక తట్టనివ్వలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

బడి ఆవరణలో అందరం కూర్చున్నాం. ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో "సుగుణక్కను పెట్టుర్రి" అన్నారు. చేతులు లేచాయి. సుగుణకు అప్పుడు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. నాలుగో తరగతి చదివింది. భర్త మగ్గం నడిపేవాడు, ఆమె ఇంట్లో కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. కూతురు మా బడిలో మూడో తరగతి.

"నాకేమొస్తదే? బాపు లేడా?" అంది సుగుణ.

అందరూ నా వైపు తిరిగారు. ఆ ఒక్క క్షణం నేనే అధ్యక్షుణ్ణి. అప్పుడు హెడ్మాస్టరు మెల్లగా అన్నాడు, "బాపుగారి పిల్లలు మన బడిలో లేరమ్మా. రూలు ఒప్పుకోదు. సభ్యుడిగా పెట్టుకుందాం." నేను నవ్వాను. "నాదేముంది? పిల్లను జెయ్యనియ్యుర్రి" అన్నాను. ఆ నవ్వు ఎంత నొప్పి పెట్టిందో నా దవడలకు తెలుసు.

హెడ్మాస్టరు ఆంధ్రవైపు నుంచి వచ్చిన మనిషి. మంచివాడే. రెండు తరగతులకు ఒకేసారి పాఠం చెప్పేవాడు. గుజరాతీ తడబడుతూ మాట్లాడేవాడు కానీ రాయలేడు. కమిటీ చేసే తీర్మానాన్ని ఇక్కడ ఠరావ్ అంటారు. ఠరావు పుస్తకం రాయడం నిజానికి ఆయన పని. ఆఫీసువాళ్ళు గుజరాతీలో ఉంటేనే తీసుకుంటారు కాబట్టి ఆయన ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టాడు. కుర్చీ ఆమెకు, కలం నాకు. అప్పుడు అది నాకు తక్కువ వాటాలా కనిపించింది. ఎంత తెలివితక్కువవాణ్ణి!

కమిటీ పేర్లు గోడ మీద రాయించారు. పెయింటరుకు తెలుగు పేర్లు ఎలా రాయాలో తెలియక నన్ను అడిగాడు. అందరికన్నా పైన, అందరికన్నా పెద్ద అక్షరాలతో 'సుగుణాబెన్' అని కాగితం మీద రాసి ఇచ్చింది నేనే. నా పేరు కింద ఎక్కడో ఉంది. వాడు నీలం రంగులో ఆమె పేరు దిద్దుతుంటే నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

ఆమె చేతకానిదైతే నేను బాగుండేవాణ్ణి. ఆమె చేసింది. అదే నేను ఓర్చుకోలేకపోయాను. బడిలో కుళాయి రెండేళ్ళుగా ఎండిపోయి ఉంది. నేను ఆరు అర్జీలు రాశాను, ఒకదాన్ని మించి ఒకటి. సుగుణ ఒక పొద్దున ఎనిమిదిమంది తల్లులతో ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. ఒక్క నినాదం లేదు. వాళ్ళను దాటుకుని లోపలికి పోలేక, సాహెబు ఫోను చేశాడు. నాలుగో రోజున నీళ్ళు వచ్చాయి. మధ్యాహ్నం భోజనం ఎలా ఉందో చూడడానికి వారానికి ఆరుగురు తల్లులను రోజుకొకరిగా ఏర్పాటు చేసింది. సోమవారం ఆమె తింటుంది, మంగళవారం ఇంకొకామె. వంటలో పురుగులు ఆగిపోయాయి. ఇందులో రాయడానికి ఏమీ లేదు. నా కలంతో పనిలేకుండా బడి బాగుపడుతోంది.

ఒకసారి పెద్ద ఆఫీసునుంచి ఒకాయన వచ్చి కమిటీలకు శిక్షణ ఇచ్చాడు. తెర మీద బొమ్మలు చూపిస్తూ, "స్కూల్ ఆప్ కా హై, ఫైస్లా ఆప్ కా హై" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిర్ణయం మాదట, దాన్ని రాసే భాష మాత్రం వాళ్ళదట. పదిమంది తల్లుల్లో ఒక్కతి కూడా చదవలేని కాగితం మీద పదిమంది సంతకాలు. అధికారాన్ని కిందికి దించామన్నారు. నిజమే, దించారు. దారిలో అది నా చేతిలో చిక్కుకుందని వాళ్ళకు తెలియదు. ఇంత బుద్ధిగా విమర్శించగలిగిన నేను ఆ చిక్కును ఏం చేశాను? టీ ఇచ్చేటప్పుడు ఆ ఆఫీసరు "అధ్యక్ష్ కౌన్ హై?" అని అడిగి మొదటి గ్లాసు సుగుణకు ఇచ్చాడు. చట్టం గురించి నా ఆలోచనలన్నీ ఆ గ్లాసు దగ్గర ఆగిపోయాయి. అరవై దాటిన మనిషిని, కూతురి వయసు పిల్ల చేతిలో టీ గ్లాసు చూసి లోపల్లోపల ఉడికిపోయాను.

ఇక మా కమిటీ పని చేసే తీరు చెప్పాలి. నేరం దానిలోంచే పుట్టింది. మీటింగు బడి వదిలాక మొదలయ్యేది. ఏడింటికి కార్ఖానాల్లో పాళీ, అంటే షిఫ్టు, మారుతుంది. ఆలోపల ఆడవాళ్ళు ఇంటికి పోయి మగవాళ్ళకు టిఫిన్ డబ్బాలు కట్టాలి. తెలుగులో గంటసేపు మాట్లాడుకుని, ఆ తర్వాత దాన్ని గుజరాతీలో రాసేదాకా కూర్చునే తీరిక ఎవరికీ లేదు. అందుకని మాది ముందు సంతకం, తర్వాత రాత. ఖాళీ పేజీ కింది భాగంలో అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. పై భాగం నేను ఇంటి దగ్గర నింపేవాణ్ణి. ఎవరూ తప్పనుకోలేదు. హెడ్మాస్టరు కూడా.

సుగుణ దాన్ని మార్చింది. మూడో మీటింగులోనే, "బాపూ, ఈడనే రాయి. రాసింది తెలుగుల చదివి చెప్పు, అందరం ఇని సంతకం పెడ్తం. జర లేటైతే అయితది" అంది. ఎంతో మర్యాదగానే అంది. నాకు చెంపదెబ్బలా తగిలింది. నా రాతను పరీక్షిస్తుందా, నాలుగో తరగతిది? అప్పటినుంచి పది మీటింగుల్లో నేను రాసింది రాసినట్టు చదివి వినిపించాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపుతూ వినేది. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. దొరకనందుకు ఆమె సంతోషించేది, నేను ఇంకా రగిలిపోయేవాణ్ణి. ఆమె నన్ను అనుమానించి ఆ పద్ధతి పెట్టలేదు. నా తర్వాత ఇంకెవరు రాసినా బడి మోసపోకూడదని పెట్టింది. అది నాకు అర్థం కాలేదా? అయింది. అర్థమైనందుకే ఇంకా కోపం వచ్చింది.

రెండేళ్ళు గడిచాక ఆ రోజు వచ్చింది. భవనం పైకప్పు పెచ్చులు ఊడుతోంది. మరమ్మతు చేయిస్తాం, బడి ఖాళీ చేయడానికి ఒప్పుకుంటూ కమిటీ ఠరావ్ పంపాలి అని ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పిల్లలను ఎక్కడికి పంపుతారో అందులో లేదు. ఖాడీ అనే మురికి కాలువకు అవతల, పెద్ద రోడ్డు దాటాక, ఇంకో బడి ఉంది. అక్కడికే పంపుతారని అందరికీ తెలుసు. ఆ కాలువ వానాకాలంలో రోడ్డుమీదికి వస్తుంది. వంతెన మీద టెంపోలు మనుషులను రాసుకుంటూ పోతాయి. చిన్నపిల్లలను ఎవరో ఒకరు దింపి వస్తారు. పెద్ద తరగతుల ఆడపిల్లలను ఒంటరిగా అంత దూరం ఎవరూ పంపరు. ఇది వాదించాల్సిన విషయం కాదు, మా గల్లీల్లో అందరికీ తెలిసిందే.

ఆ మీటింగులో సుగుణ ఒక దారి చెప్పింది. కింది అంతస్తులో రెండు గదులు గట్టిగానే ఉన్నాయి. మరమ్మతు అయ్యేదాకా ఆ రెండు గదుల్లోనే పొద్దున ఒక పాళీ, మధ్యాహ్నం ఒక పాళీ బడి నడపాలి, పిల్లలను ఖాడీ దాటించకూడదు. ఆ షరతు మీదనే మేం ఒప్పుకుంటున్నాం అని రాయాలి. ఎంత తేలికైన ఉపాయం! హెడ్మాస్టరు బల్ల చరిచి, "ఇది నాకెందుకు తట్టలేదమ్మా!" అన్నాడు. నాకూ తట్టలేదు.

ఆ రోజు ఆమె కూతురికి జ్వరం. పిల్లను ఒళ్ళో వేసుకునే మీటింగుకు వచ్చింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. రాసేదాకా ఆగలేకపోయింది. "ఇయ్యాల ముందే సంతకం పెడ్త బాపూ. నువ్వున్నవు గదా" అని ఖాళీ పేజీ కింద సంతకం పెట్టింది. రెండేళ్ళలో మొదటిసారి. ఆమెను చూసి తక్కినవాళ్ళూ పెట్టేసి లేచారు. హెడ్మాస్టరు కూడా పెట్టాడు.

ఆ సాయంత్రమే రాసి ఉంటే కోపంలో రాశానని చెప్పుకునేవాణ్ణి. ఆ వీలు కూడా లేదు. మరునాడు పొద్దున నిద్రలేచి, టీ తాగి, బల్ల తుడుచుకుని కూర్చుని రాశాను. భవనం ఖాళీ చేయడానికి కమిటీ ఒప్పుకుంటోంది అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. రెండు గదుల మాట దగ్గరికి వచ్చి కలం ఆపాను. ఆగి, ఫుల్‌స్టాప్ పెట్టాను.

ఎందుకు? బడికి హాని చేయాలని కాదు. ఈ మాట మీరు నమ్మాలని కూడా అడగను, కానీ నిజం. ఆఫీసులో ఏ కాగితం కదలడానికైనా నెలలు పడుతుందని నా అనుభవం. అది అక్కడ ఎక్కడో ఆగుతుంది, పిల్లల మాట ఏమిటని అడుగుతారు, అందరూ కంగారుపడి నా గుమ్మంలోకి వస్తారు. 'సుగుణకు తెలియలేదు పాపం, నేను సరిచేస్తాను' అని నేనొక అర్జీ రాస్తాను. ఒక్కసారి మళ్ళీ అందరూ నా వైపు తిరుగుతారు. నేను కోరుకున్నది ఇంతే. ఇంత చిన్నది. ఇంత చిన్నదానికోసం అని రాస్తుంటే ఇప్పుడు నాకే చెయ్యి ఆగుతోంది.

ఆ ఆఫీసు జీవితంలో మొదటిసారి త్వరగా పని చేసింది. తొమ్మిదో రోజున బెంచీలు టెంపోల్లోకి ఎక్కించారు. బడి ఖాడీ అవతలికి పోయింది.

ఆ మధ్యాహ్నం సుగుణ ఇంటికి రమ్మని కబురు చేస్తే పోయాను. చుట్టూ చీరల కుప్పలు. చేతిలో కత్తెర అలాగే ఉంది. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా పొల్లుపోలేదు.

"బాపూ, రెండు రూముల ముచ్చట రాసినవు గదా?"

"ఏ రూములు?"

"గదే, కింది రూములల్ల పాళీ పాళీగ నడపాలె, పోరగాండ్లను ఖాడీ దాటియ్యద్దని. ఆఫీసోళ్ళు అండ్ల గట్లేం లేదంటున్నరు."

"నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసిన బిడ్డా."

"మరి నేను జెప్పిన గదా?"

"గల్లీల పది సార్లు జెప్పినవు. మీటింగుల జెప్పలె. పిల్లకు జరమొచ్చిందని లేచి పోతివి."

ఆమె కత్తెర వైపు చూసింది. "జెప్పలేనా?" అంది. నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. "నాకైతె జెప్పినట్టే ఉంది."

"మనసుల అనుకున్నవేమో. అనుకున్నది అన్నట్టే అనిపిస్తది ఒక్కోసారి."

చీర మీద వేలాడే దారం ఒకటి కత్తిరించింది. తర్వాత, "గంతే అయ్యుంటది బాపూ. గా దినం నా పాణమంతా పిల్ల మీదనే ఉండె" అంది. ఇంకా అంది: "నువ్వు రాస్తె తప్పుండదు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పుస్తకం తెచ్చి కింద ఇంకో వాక్యం రాసి, నాదే పొరపాటని ఆఫీసుకు పరుగెత్తి ఉండవచ్చు. బెంచీలు వెనక్కి వచ్చేవేమో. నేను ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి వచ్చేశాను. వాక్యం వదిలేయడం ఒక తప్పు. ఒక మనిషికి తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం లేకుండా చేయడం ఇంకొకటి. మొదటిదానికి నేను సాకులు వెతికాను. రెండోదానికి ఒక్క సాకూ దొరకలేదు.

తక్కిన తల్లులను ఆమె అడిగింది. గల్లీలో విన్నామా, మీటింగులో విన్నామా అని వాళ్ళు తికమకపడ్డారు. బాపు లేదంటున్నాడంటే లేదేమో అన్నారు. హెడ్మాస్టరుకు గుర్తుండే ఉంటుంది, బల్ల చరిచినవాడు. కానీ చదవకుండా సంతకం పెట్టినవాడు గట్టిగా ఎలా అడుగుతాడు? నా కళ్ళలోకి చూడడం మానేశాడు. ఏడాది తిరగకుండా బదిలీ చేయించుకుని పోయాడు.

వారం తర్వాత అందరూ ఖాళీ అయిన బడి గేటు ముందు గుమికూడారు. మా పక్కింటి నర్సయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. అతడు సుగుణ ముందుకు వచ్చి, "కుర్చీల కూసున్నంక కండ్లు నెత్తికెక్కినయా? సంతకం నీదే గదనే?" అని అరిచాడు.

"నాదే తప్పన్నా. చెప్పుడు మర్చిన" అంది సుగుణ.

ఒక్క మాట తక్కువ చేయలేదు, ఎవరి మీదికీ నెట్టలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఎవరో అన్నారు, "బాపు చేతిల ఉంటే గిట్లయ్యేదా?" ఆ మాట వినగానే నాకు ఎలా అనిపించిందో రాయకపోతే ఈ రాత అంతా దండగ. తియ్యగా అనిపించింది. ఒక్క రెప్పపాటు. ఆమె అక్కడ తల వంచుకుని నిలబడి ఉండగా.

ఆమె కమిటీ వదిలేసింది. తర్వాత ఒక తండ్రిని పెట్టారు, అతడు మీటింగులకే వచ్చేవాడు కాదు. నాలుగేళ్ళు పుస్తకం నా దగ్గరే, కమిటీ నా మాటే. మళ్ళీ ముందు సంతకం, తర్వాత రాత. కోరుకున్నదంతా దొరికింది. బాగుచేసిన భవనం ఇంకో బడికి పోయింది. మా తరగతులు ఖాడీ అవతలే ఉండిపోయి, ఏడాదికేడాది పలచబడి, చివరికి వేరే బడిలో కలిసిపోయాయి. నర్సయ్య పెద్దకూతురు రమ్య ఏడో తరగతి మధ్యలో ఆగిపోయింది. వానల్లో ఒక నెల పంపలేదు, ఆ నెల అలాగే సాగిపోయింది. ఇప్పుడు చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. పోయిన ఏడు తన బిడ్డ టీకా చీటీ నా దగ్గరికి తెచ్చి, "చదివి చెప్పు తాతా" అంది. చదివి చెప్పాను. ఎప్పటిలాగే కాగితం నా దగ్గరికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆ పిల్లకు తెలియదు.

పోయిన నెల ధైర్యం చేసుకుని బస్సెక్కి కోసాడ్ పోయాను. సుగుణ కుటుంబం అక్కడి సర్కారు ఇళ్ళకు మారి ఏడేళ్ళయింది. చెప్పేద్దామనే పోయాను, దారంతా మాటలు కూడబలుక్కున్నాను. పోయేసరికి ఆమె మెట్ల దగ్గర పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఒరియావాళ్ళు, మరాఠీవాళ్ళు, మనవాళ్ళు. అక్కడి బడి కమిటీకి ఎవరిని పెట్టుకోవాలో ఆమెను అడుగుతున్నారు. ఆమెకు ఏ పదవీ లేదు. అయినా అడుగుతున్నారు. నన్ను చూడగానే లేచి, "బాపొచ్చిండు, బాపొచ్చిండు" అని కుర్చీ వేయించి, వాళ్ళకు హిందీలో చెప్పింది, ఈయన రాత అంటే రాత, ఒక్క తప్పు ఉండేది కాదు, మా బడిని తెచ్చింది ఈయనే అని.

తర్వాత నవ్వుతూ తెలుగులో అంది, "నన్ను అధ్యక్షురాలిగ నిలవడమంటున్నరు బాపూ. నా అసొంటి మతిమరుపు మొద్దు పనికొస్తదా? ఒక్కసారి మర్చిపోతే ఎంత మంది పోరల్ల సదువు వాయె! అందుకే నేనొద్దన్న."

పదకొండేళ్ళుగా ఆమె తనను తాను అలా పిలుచుకుంటోంది. నోరు తెరిచాను. అప్పుడు ఏం జరిగిందో చెప్పనా? వాళ్ళలో ఒకామె ఏదో రూలు గురించి అడిగింది. నాకు తెలిసిన రూలు. నేను చెప్పబోయాను. ఆమె నా వైపు చూడనైనా లేదు, సుగుణ వైపే చూస్తోంది. ఆ పాత మంట, అదే చోట, అదే వేడితో లేచింది. డెబ్బై అయిదేళ్ళ గుండెలో. క్షమాపణ అడగడానికి పోయినవాడికి. చెప్పవలసిన మాట మింగేసి, ఆమె పెట్టిన భోజనం తిని, బస్సెక్కి వచ్చేశాను.

అందుకని ఇది రాస్తున్నాను. ఇది సరిపోదని తెలుసు. మీకు చెప్పడం తేలిక, మీరు నాకు కుర్చీ వేయలేదు. ఆమెకు చెప్పాలి, మెట్ల దగ్గరి ఆ ఆడవాళ్ళ ముందు చెప్పాలి. చెబుతానో లేదో మాట ఇవ్వలేను. నా మాటకు విలువ ఎంతో మీకు ఈపాటికి తెలిసిపోయింది. క్షమించమని కూడా అడగను, అది ఇవ్వగలిగినది మీరు కాదు. ఇంతవరకూ రాశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

ఒక్కటి మీ దగ్గర కూడా దాచాను. అది కూడా రాసేస్తాను. ఆ రోజు మీటింగులో సుగుణ ఆ మాట ఒక్కసారి చెప్పి పోలేదు. సంతకం పెట్టి గేటుదాకా పోయింది. పోయి, జ్వరం పిల్లను భుజాన వేసుకునే వెనక్కి వచ్చింది. అప్పటికి అందరూ వెళ్ళిపోయారు, నేను పుస్తకం సర్దుకుంటున్నాను. "రెండు రూముల ముచ్చట మర్వకు బాపూ" అంది. నేను తల ఊపాను.

ఆమె రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నేను విన్నాను.